ఉప్పు తుడిచే పది నిమిషాలు

పేజీ 1. సోమవారం

మందుల పెట్టె, నీళ్ల సీసా, స్ట్రెచరు, ఇన్ని మోసుకుని మూడు నిచ్చెనలెక్కి పరిగెత్తుకొస్తే, పడిపోయింది బ్యానరు. మనిషి కాదు. నా మోకాళ్లకి ఎవరు జవాబు చెబుతారు? కబురు పంపినాయన నోటితో ఏమన్నాడో నాకు తెలియదు. నా చెవిలో మాటలు దిద్దే పూస మాత్రం, "స్టేజి మీద ఆవిడ పడిపోయారు, త్వరగా వచ్చి లేపండి" అంది. ఆయన "అది పడిపోయింది" అనుంటాడు. "అది" అన్న మాట వినిపిస్తే చాలు, ఎవరో ఆడమనిషిని తక్కువ చేస్తున్నారని పూసకి అనుమానం. వెంటనే "ఆవిడ" చేసేస్తుంది. కిందటి నెల వంటగదిలో గిన్నె గారు మాడిపోయారు.

రాయడం ఎందుకంటే, ఇది కూడా నా ఉద్యోగమే. ఈ విశ్వవిద్యాలయంలో, అంటే గొలుసులతో పక్కపక్కన కట్టేసిన ఈ మూడు పాత సరుకు ఓడల మీద, మైకులూ పూసలూ, వాటన్నిటినీ నడిపే పెద్ద పెట్టే నా చేతికింద ఉంటాయి. పూసలు చేసే తప్పులు రాయడానికి ఈ పుస్తకం ఇచ్చి రెండేళ్లయింది, రాయడం ఇవాళే మొదలు. అట్ట మీద మూడు నియమాలు అచ్చేశారు. చేత్తోనే రాయాలి. పేజీ చింపకూడదు. కొట్టివేతలు ఉండకూడదు. చేత్తోనే ఎందుకో రెండేళ్లుగా నాకు అర్థం కాలేదు. మూడో నియమం మాత్రం నాకు కష్టం కాదు. మా ఊరి బడి ఇప్పుడు సముద్రంలో నాలుగు నిలువుల లోతున ఉంది గానీ, కొట్టివేతకి అర మార్కు తీసే మాస్టారు నా బుర్రలో ఇంకా పొడిగానే ఉన్నారు.

బ్యానరు సంగతి. ఈ వారమంతా మహాసభ. "వైవిధ్యం, సమ్మిళితం, సామాజిక న్యాయం" అని రాశారు. బ్యానరు పొడుగు, గోడ పొట్టి. "సామాజిక" దాకా గోడ మీదకి వచ్చింది, "న్యాయం" స్తంభం వెనక్కి వెళ్లింది. మళ్లీ కట్టినా అక్కడికే వెళ్లింది. సభాధ్యక్షులు ఆచార్య విశ్వంభర్ గారు "పిలుపులో సమానత్వం" మీద గంటన్నర మాట్లాడారు. రెండేళ్లుగా ఈ ఓడల మీద గానీ, చుట్టూ తేలే తోటల్లో గానీ ఎవరూ ఎవరినీ "నువ్వు" అనలేదట. పూస చెవిలో ఉంటే ఎదుటివాడి అసలు మాట లోపలికి రానే రాదు, దిద్దిన మాటే వస్తుంది, అదీ వాడి గొంతుతోనే. ఇప్పుడు ఇళ్లలో కూడా పెట్టుకోవాలని శనివారం తీర్మానం చేస్తారట. చప్పట్లు బాగా పడ్డాయి.

టీల వేళకి నేను ఫిర్యాదుల బల్ల దగ్గర మైకు సరిచేస్తున్నాను. ఇంతలో నాచుతోటది ఒకతి వచ్చింది. ఒళ్లంతా ఉప్పు, పాదాలకి పాచి. పక్కన నిలబడి పూస తీసి కొంగుతో తుడుచుకుంటోంది. టీ బంగారయ్యకి, "నాచుతోటది ఎవత్తో వచ్చింది, దానికో టీ పొయ్యి" అని చెప్పాను. అది టీ తాగి, పూస పెట్టుకుని, బల్ల ముందుకెళ్లి ఫిర్యాదు చెప్పింది. నాకు పూసలో వినిపించింది వినిపించినట్టు రాస్తున్నాను.

"మా మేస్త్రీ గారు నన్ను రోజూ 'అమ్మా, దయచేసి ఇటు రండి' అంటారండీ. అందరి ముందూ 'గౌరవనీయురాలా' అంటారు. మా అమ్మగారిని కూడా రోజూ తలుచుకుంటారు. నేనింక భరించలేనండీ."

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. "చాలా సంతోషం మేడమ్. ఫిర్యాదు ఏమిటో చెప్పండి."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గుమాస్తా పాత కాగితం తీసి చదివాడు. ఇదివరకే ఫిర్యాదు ఇచ్చిందట. ఆఫీసువాళ్లు అరవై రోజుల మాటల రికార్డులు విన్నారు. మేస్త్రీ పరశురాం నోటి వెంట అమర్యాద ఒక్కటీ లేదు. "అబద్ధపు ఫిర్యాదు" అని ముద్ర వేసి ఈ పొద్దునే పనిలోంచి తీసేశారు. పనితో పాటు ఇచ్చిన తెప్ప ఇల్లు ఆదివారంలోగా ఖాళీ చేయాలి. శుక్రవారం వినికిడి సభలో, అంటే ఫిర్యాదులు విచారించే సభలో, ఆ ముద్ర తీసేస్తేనే పని ఉంటుంది, ఇల్లు ఉంటుంది.

ఇంత మర్యాద భరించలేక ఏడ్చేవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. ఉండబట్టలేక దగ్గరికెళ్లి, మా వైపు అక్కని పిలిచినట్టే, "ఏమన్నావప్పా, మళ్లీ చెప్పు?" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, చాలాసేపు. కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

పేజీ 4. మంగళవారం

నిన్నటి నుంచి ఒకటే దురద. పొద్దున బంగారయ్యతో ఒక ప్రయోగం చేశాను. ఇద్దరం ఒక బడి వాళ్లం, నలభై ఏళ్ల స్నేహం.

"బంగారీ, నన్నేదైనా తిట్టు."

"ఎందుకండీ?"

"ఊరికే. గట్టిగా తిట్టు."

వాడి నోరు కదిలిన తీరుని బట్టి మంచి తిట్టే తిట్టాడు. గాజు గ్లాసు కూడా పక్కన పెట్టి మరీ తిట్టాడు. నా చెవిలో, "ఏమండీ మహానుభావా, తమరికి పొద్దున్నే ఏం తోచడం లేదా?" అని పడింది.

"ఇప్పుడు నా వంతు" అని నేనూ తిట్టాను. వాడు మురిసిపోయి, "అంత మాట నన్నెవరూ అనలేదండీ" అన్నాడు.

నవ్వుకున్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. వాడు నన్ను "ఒరే" అని ఎన్నాళ్లయిందో అనుకున్నాను. రోజూ అంటూనే ఉన్నాడేమో. నాకు అందడం లేదు.

మధ్యాహ్నం ఆ నాచుతోట మనిషిని వెతుక్కుంటూ వెళ్లాను. పేరు మైలపల్లి నూకాలు. నాకంటే అయిదారేళ్లు పెద్దది. లంగరు వేసే చోట, గాలి హోరులో, ఇద్దరం పూసలు తీసేశాం. హాల్లో అయితే తీయడం నేరం. ఇక్కడ చూసేవాళ్లు పక్షులే.

"ఇప్పుడు చెప్పప్పా."

"అప్పా అన్నావా? నిన్న నాకు మేడమ్ అని ఇనిపించినాది."

"అప్పా అనే అన్నాను."

"అయితే ఇను తమ్ముడా" అని చెప్పింది. మేస్త్రీ తనని ఏమంటాడో, తన తల్లిని ఎలా తలుచుకుంటాడో, అన్నీ. ఈ పుస్తకం చదివేవాళ్లకి చదువు ఎక్కువ, సిగ్గు కూడా ఎక్కువ ఉంటుంది కాబట్టి మెత్తనివి మాత్రం రాస్తాను. ఒసే. ఎదవ మొకమా. పాచి కంపుదానా.

"మరి పూసలోంచి నీకెలా వినపడింది?"

"నాచు కోసినప్పుడు నీలల్లో మునుగుతాం గదా. పూస తడిసిపోతాది. తీసి తుడుసుకోవాల. ఆ తుడుసుకున్నంతసేపే ఇనపడతాది. మొదట్లో ఎవుల్నో అంతన్నాడనుకున్నాను. తరవాత సూత్తే నన్నే."

"తోటివాళ్లో?"

"ఆలు పూసలు తియ్యరు. పెద్ద తల్లి, సిన్న తల్లి అని ఇనుకుంటా కులాసాగా ఉన్నారు. నన్నే అంతారు, నీకు సెవుల్లో నీలు పోనాయి, నీకు పిచ్చి అని. నాకు పిచ్చేటి తమ్ముడా?"

ఎందుకు చేత్తో రాయమన్నారో అప్పుడు అర్థమైంది. ఈ పుస్తకాన్ని నోటితో చెప్పి రాయిస్తే పెట్టె దీన్ని కూడా దిద్దేసేది.

సాయంత్రం భోజనాల దగ్గర ఇదంతా మా ఇంటావిడ అసిరమ్మకి చెప్పాను. ఆవిడ చేప ముక్క నా కంచంలో వేస్తూ, "నీ నోరు కూడా పాడయిపోనాది, తెలుసా?" అంది.

"నా నోరేం చేసింది?"

"రెండేళ్ల బట్టి సూత్తన్నాను. మునుపు ఇంతలేసి మాటలు అనేవోడివి కాదు. పగలంతా ఎటు వాగినా ఆ పూసే కడుగుతాదని అలవాటైపోనాది నీకు. ఇంట్లో కడగడానికి నానున్నాననుకున్నావేటి?"

చేప బాగుంది అన్నాను. మాట మార్చడానికి కాదు, నిజంగానే బాగుంది.

పేజీ 7. బుధవారం

పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పూస జేబులో వేసుకుని, చెవి అంచున కాస్త దూది దోపుకుని వరండాల్లో నడిచాను. ఎవరైనా అడిగితే చెవి పోటు అందామనుకున్నాను. ఎవరూ అడగలేదు. పూసలున్నవాళ్లకి పక్కవాడి చెవితో పనేముంది?

వైవిధ్యం మీద పత్రం చదవబోయే ఆయన ఇంకో ఆయనతో, "ఒరే, నీ తర్వాతే గదా నా పేపరు, తొందరగా ముగించి చావు" అంటున్నాడు. అవతలాయన "తప్పకుండానండీ" అన్నట్టు చేతులు జోడించి, నోటితో, "నువ్వు నాకు చెప్పేవాడివట్రా బోడి" అన్నాడు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకుని విడిపోయారు. ఇద్దరి మొహాలూ పున్నమిలా ఉన్నాయి. లైబ్రరీ మెట్ల మీద ఊడ్చే మనిషిని ముగ్గురు దాటుకుంటూ వెళ్లారు. ముగ్గురూ ఏదో ఒకటి అన్నారు. ఆవిడ ముగ్గురికీ నవ్వుతూ దండం పెట్టింది.

నాకు కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. మాట మంచిదయ్యేకొద్దీ నోరు ఇలా అవుతుందని ఎవరూ అనుకుని ఉండరు. పెట్టె తయారుచేసినవాళ్లు కూడా.

పది గంటలకి ప్రొఫెసర్ ఎస్తేరు రాణి గారి గదికెళ్లాను. ఈ మహాసభ మొత్తం ఆవిడ భుజాల మీద నడుస్తోంది. పూస ఇంకా నా జేబులోనే ఉంది. ఆవిడ తలెత్తి, "రండి సూరి గారూ, కూర్చోండి" అన్నారు. ఆ మాట నా ఉత్త చెవికే వినపడింది. రండి అంటే రండే. గారు అంటే గారే. పొద్దుట్నుంచి విన్నవాటిలో దిద్దే పని లేని మాట అదొక్కటే.

పుస్తకం ఆవిడ ముందు పెట్టాను. నిలబడే చదివారు. చదివాక కిటికీ దగ్గరికెళ్లారు.

"మా తాతయ్య తొంభై రెండేళ్లప్పుడు పూస పెట్టుకున్నాడు" అన్నారు. "ఆ వయసుదాకా పెద్దిళ్లవాళ్లెవరూ ఆయన్ని ఒరే అనకుండా పిలవలేదు. పిల్లకాయలు కూడా. మొదటిరోజే వాళ్లలో ఒకాయన ఎదురొచ్చి, మీరు బాగున్నారా అన్నాడట. తాతయ్య వెనక్కి తిరిగి చూశాడు, వెనకెవరున్నారా అని. ఇంటికొచ్చి మా అందరికీ వారం రోజులు చెప్పాడు. ఆ సంతోషంతోనే పోయాడు. ఆ ఒక్క మాట కోసమే నేను ఈ తీర్మానం రాశాను సూరి గారూ."

కిటికీ వైపే చూస్తూ అడిగారు.

"ఆ పెద్దాయన ఆ రోజు నిజంగా ఏమన్నాడంటారు?"

నేనేం చెప్పను? "మీరు అనే అనుంటాడు మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"అబద్ధాలు మీరు బాగా ఆడలేరు" అన్నారు. తర్వాత పుస్తకం మళ్లీ మొదటి పేజీకి తిప్పి, ఒక చోట వేలు పెట్టారు. "ఇది ఎవరి తప్పు? పూసదా?"

చూశాను. "నాచుతోటది ఒకతి వచ్చింది." నా చేతిరాత. గుండ్రంగా, ముచ్చటగా, మాస్టారు చూస్తే మార్కు వేసేట్టు. కింద ఇంకోటి. "దానికో టీ పొయ్యి."

టీ ఇప్పించాను మేడమ్ అనబోయాను. టీ ఇప్పించడం గుర్తుంది గానీ, ఆ మాట రాసినట్టు నాకు గుర్తే లేదు. అదే అన్నిటికంటే చిత్రం.

"పెట్టెకి ఉప్పు తుడవడం ఎప్పుడు?" అన్నారు ఆవిడ.

అయిదు రోజులకోసారి పెట్టె కట్టేసి, లోపల పట్టిన ఉప్పు తుడవాలి. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పూసలు దిద్దవు, మామూలు గొంతే లోపలికి వదులుతాయి. ఎప్పుడూ తెల్లారకముందే తుడుస్తాను.

"శుక్రవారం" అన్నాను.

"ఎన్ని గంటలకి?"

"అది నా ఇష్టం మేడమ్. ముందుగా నోటీసు పెడితే చాలు."

"వినికిడి సభ పదకొండింటికి" అన్నారు. నేను ఆ వేళకే నోటీసు రాశాను, ఆవిడ సంతకం పెట్టారు. కలం మూత పెట్టి, నోటీసు ఇంకోసారి చదివారు. రెండేళ్ల పని అది మరి, ఆవిడది.

పేజీ 11. గురువారం

నోటీసు అంటించాను. ఈ విశ్వవిద్యాలయంలో నోటీసు బోర్డు చూసేవాళ్లు ఇద్దరే. అంటించే నేను, పీకేసే నేను.

నాచుతోటకి తెప్ప మీద వెళ్లాను, పూసలు బాగున్నాయో లేదో చూడాలన్న నెపంతో. నా పూస జేబులో ఉంది. మేస్త్రీ పరశురాం మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నుదుట బొట్టు, నవ్వు మొహం. పది గంటల నుంచి పన్నెండు గంటల వరకు అన్నవి పక్క పేజీల్లో వేళలతో సహా రాశాను. పది ఇరవైకి, పదీ నలభైకి, పదకొండుకి రెండుసార్లు. ఒక్కొక్కరి పేరుతో. పిలిచినవాడు నవ్వుతూనే పిలిచాడు, పలికినవాళ్లు నవ్వుతూనే పలికారు. నూకాలప్ప స్థానంలో కొత్తగా వేసిన మనిషి, "మా మేస్త్రీ గారంటే దేవుడే" అంది నాతో. నీళ్లలోంచి లేచి పూస తుడుచుకోబోతే, ఎందుకో "ఉండమ్మా, నేను తుడుస్తాను" అని తీసుకున్నాను. ఆ కాసేపు ఆవిడ చెవి రెండో చేత్తో మూశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. ఆవిడ పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

పేజీ 15. శుక్రవారం

జరిగింది జరిగినట్టు.

హాల్లో నాలుగు వందల మంది. స్టేజి మీద మధ్యలో విశ్వంభర్ గారు, పక్కన ఎస్తేరు రాణి గారు. కింద ఒకవైపు నూకాలప్ప, ఒకవైపు మేస్త్రీ. నేను స్టేజి కింద పెట్టె దగ్గర, చేతిలో తుడుపు గుడ్డ. పదకొండు కొట్టగానే పెట్టె కట్టేశాను. కట్టేస్తే చప్పుడేమీ రాదు. అందుకే ఎవరికీ తెలియలేదు.

విశ్వంభర్ గారు గొంతు సవరించుకున్నారు. నా తల మీదే ఆయన కుర్చీ.

"ఏమయ్యా మేస్త్రీ, ఏంటీ గోల? దీన్ని నువ్వు ఏమని పిలుస్తావో చెప్పేసి పో. అవతల భోజనాల టైమవుతోంది."

మేస్త్రీ లేచి, రెండు చేతులూ జోడించి, వంగి మరీ దండం పెట్టాడు.

"దీన్నాండి? దీన్ని గౌరవంగానే పిలుత్తానండి. రోజూ పిలుత్తాను. ఏమే, సెప్పవే! గౌరవంగా పిలవట్లేదే నిన్ను? నోరు పెగలదేటే?"

నాలుగు వందల మంది ఊపిరి తీయడం వినపడింది. స్టేజి కింద ఉన్నవాడికి ఇలాంటివి బాగా వినపడతాయి.

వెనక వరసలోంచి ఎవరో, "ఒరే, నా పూస చెడిపోయింద్రా" అన్నారు.

"నోర్ముయ్యరా, నాక్కూడా అలాగే వినపడింది" అని పక్కాయన. ఇద్దరూ బుధవారం నమస్కారాలు పెట్టుకున్నవాళ్లే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట, బంగారయ్య తర్వాత చెప్పాడు.

విశ్వంభర్ గారికి కంగారు పుట్టింది. "ఆ సౌండువాడెక్కడ చచ్చాడు? వాణ్ణి పిలవండి!" అన్నారు. అన్నాక, మైకులోంచి దిద్దకుండా తిరిగొచ్చిన తన మాట తన చెవిలోనే పడింది. రెండేళ్లలో మొదటిసారి. ఆయన చేయి దానంతటదే నోటి మీదకి వెళ్లింది.

నేను స్టేజి కిందనుంచి తల బయటపెట్టాను. "ఇక్కడే ఉన్నానండి. ఉప్పు తుడుస్తున్నాను. నోటీసు పెట్టాను."

నూకాలప్ప లేచింది. గట్టిగా ఏమీ అనలేదు. "ఇదే బావూ. నాను సెప్పినాది ఇదే. ఇంకేటీ లేదు" అని కూర్చుంది.

పది నిమిషాలు అయ్యేసరికి పెట్టె మళ్లీ వేశాను. అందరూ మళ్లీ మహానుభావులైపోయారు. కానీ ఎవరూ ఎవర్నీ పిలవలేదు. నాలుగు వందల మంది సైగలతో భోజనాలకి లేచారు.

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నారు. మేస్త్రీ తరఫువాళ్లు, పొద్దున నోరు జారిందనీ, ఒక్కసారికే మనిషిని దోషి అంటే ఎలాగనీ అన్నారు. రికార్డులన్నీ శుభ్రంగా ఉన్నాయి మరి. అప్పుడు ఎస్తేరు రాణి గారు ఈ పుస్తకం సంగతి చెప్పారు. రెండేళ్లలో ఈ ఓడల మీద దిద్దకుండా ఉన్న రాత ఇదొక్కటే అన్నారు. తన తీర్మానం కూడా ఇది విన్నాకే ముందుకో వెనక్కో అన్నారు.

విశ్వంభర్ గారు చిన్న గొంతుతో షరతులు చెప్పారు. రేపు పది గంటలకి పెట్టె కట్టేసి, రాసినవాడే, మొదటి పేజీ నుంచి, ఒక్క ముక్క వదలకుండా చదవాలి. ఒక్క కొట్టివేత ఉన్నా పుస్తకం చెల్లదు. చెల్లకపోతే ముద్ర అలాగే ఉంటుంది.

మొదటి పేజీ నుంచి. ఎస్తేరు రాణి గారు నా వైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూశాను.

పేజీ 19. శనివారం

తొమ్మిదింబావు. హాలు బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పూస పెట్టుకోలేదు. చదవాలి కదా.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇందాక మొదటి పేజీ తీసి, "ఒకతి" మీద పెన్ను పెట్టాను. కొట్టేయడం కాదు, దిద్దుదామని. "ఒకతి"ని "ఒకావిడ" చేయడానికి ఎంతసేపు? పక్కన కొంచెం చోటు కూడా ఉంది. పెన్ను పెట్టిన చోట చిన్న చుక్క పడింది. ఆ చుక్క చూసి చేయి ఆగిపోయింది. పెట్టె చేసిన పనే కదా నేను చేస్తున్నది. ఇంకాస్త చక్కటి చేతిరాతతో.

చుక్క కొట్టివేత కాదని ఎస్తేరు రాణి గారిని అడిగి ఖాయం చేసుకున్నాను.

ఇంతలో నూకాలప్ప వచ్చి పక్కన కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఇల్లు ఉంటుందో పోతుందో ఈ గంటలో తేలుతుంది, మనిషి మాత్రం నా కంటే నిబ్బరంగా ఉంది. హాల్లో అందరి ముందూ వినేకంటే నా నోటితోనే ముందు వినడం మేలనిపించింది.

"అప్పా, ఈ పుస్తకంలో నిన్ను గురించి ఒక మాట రాశాను. మొదటి రోజు. మంచి మాట కాదు."

"నాచుతోటది ఎవత్తో వొచ్చినాది, దానికో టీ పొయ్యి" అంది అప్ప. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

అప్పకి చదువు రాదు.

"నీకెలా తెలుసు?"

"పూస తుడుసుకుంతన్నాను గదా."

అవును. తుడుచుకుంటోంది. నేనే రాశాను ఆ సంగతి కూడా, ఆ మాట పక్కనే.

"మరి తెలిసి కూడా నాకెందుకు చెప్పావప్పా, మంగళవారం? నా దగ్గరెందుకు కూర్చున్నావు?"

అప్ప కొంగు సర్దుకుంది. "అనడానికి అందరూ అంతారు తమ్ముడా. నానేటి సెప్పినా పూస సెప్పింది ఇని తలూపి ఎలిపోనారు, ఎంత మందికి సెప్పినానో. 'ఏమన్నావప్పా, మళ్లీ చెప్పు' అని అడిగినోడివి నువ్వొక్కడివే. అన్నావు, మల్లా అడిగినావు. రెండూ ఇన్నాను. ఏదుంచుకోవాలో నాకు తెలదేటి?"

నవ్వుదామనుకున్నాను. ఇన్నేళ్లూ ఇలాంటప్పుడు ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. ఇవాళ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"టీ మాత్రం బాగులేదు" అంది అప్ప. "పంచదారెయ్యలేదు నీ బంగారయ్య." అని లేచి లోపలికెళ్లింది.

హాలు నిండుతోంది. పెట్టె కట్టేయమని బంగారయ్యకి చెప్పాను, కట్టేసినట్టున్నాడు, లోపల ఎవరూ మాట్లాడడం లేదు. అలవాటు తప్పిన నోళ్లు కదా, ఏమొస్తుందో అని భయం. ఎవరో ఒకాయన చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, "మీరు... కొంచెం... జరుగుతారా?" అన్నాడు. అవతలాయన, "జరుగుతానండీ" అన్నాడు. ఆ రెండు మాటలకి ఎవరో చప్పట్లు కొట్టారు.

గుమ్మంలోంచి అప్ప పిలుస్తోంది. "ఒరే సూరీ, పదైపోనాది, నీ కోసమే సూత్తన్నారు, రాయేటి!" ఒరే అన్నది ఒరేలాగే వినపడింది. బాగుంది చెవికి. వస్తున్నానప్పా, ఈ ఒక్క ముక్క రాసి. ఆ మాట దగ్గరికొచ్చినప్పుడు గొంతు తగ్గించను, చివరి వరస దాకా వినపడేట్టు చదువుతాను, చదివి తలెత్తి అందరి ముందూ అప్పని మన్నించమని